ఇంజన్ రేస్ పెరుగుతోంది, బండి వేగం పెరగడం లేదు: ముందు ఆ రెండు ముళ్లనూ కలిపి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది 5 గేర్ల చిన్న పెట్రోల్ కారు. 82,000 కిలోమీటర్లు తిరిగింది. రాజోలు నుంచి పాలకొల్లుకు వారానికి రెండు సార్లు వెళ్తారు. చించినాడ వంతెన ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ అరుస్తుందే గాని వేగం 50 దగ్గరే ఆగిపోతోంది. మైలేజీ కూడా తగ్గింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించారు, ఇంజెక్టర్లు శుభ్రం చేయించారు, తేడా లేదు. ఇప్పుడు ఇంజన్ విప్పాలంటున్నారు. విప్పించాలా అని అడిగారు.

వద్దండీ. ఇంజన్ అంత గట్టిగా అరుస్తోందంటేనే అది ఆరోగ్యంగా ఉందనడానికి సగం రుజువు. జబ్బు చేసిన ఇంజన్ అరవదు, మూలుగుతుంది. ప్లగ్గులు మార్చినవారు ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు పని చేశారు. మీరు 'పికప్ లేదు' అన్నారు, వారు పికప్ కోసం చేయవలసినవన్నీ చేశారు. బండిని ఒక్కసారి నడిపి చూసినట్టు మాత్రం కనబడదు.

అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా షెడ్డులో ఉన్నాను. 'పికప్ లేదండీ' అంటూ వచ్చిన బళ్లకు లెక్క లేదు. ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి సంబంధం లేని రెండు జబ్బులు దాక్కుంటాయి. ఇంజనే బలం ఇవ్వకపోవడం ఒకటి. ఇంజన్ ఇచ్చిన బలం చక్రాల దాకా చేరకపోవడం రెండోది. పాత రోజుల్లో చేలో నూనె ఇంజన్ పెట్టి, బెల్టు వేసి, పంపుతో నీళ్లు తోడడం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. బెల్టు జారితే ఇంజన్ ఒక్కసారిగా తేలికపడి గోల పెడుతుంది, గొట్టంలో నీరు మాత్రం సన్నబడిపోతుంది. అప్పుడు ఇంజన్ విప్పమని ఏ రైతూ అనడు. బెల్టు చూస్తాడు. కారులో ఆ బెల్టు పని చేసేది క్లచ్.

మీ డ్యాష్‌బోర్డు మీద రెండు ముళ్లున్నాయి. ఒకటి ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ఆర్‌పీఎం ముల్లు, రెండోది వేగం ముల్లు. మాన్యువల్ కారులో గేరు పడి, క్లచ్ పెడల్ మీద నుంచి కాలు తీశాక ఈ రెండూ ఒకే తాడుకు కట్టినట్టు కదలాలి. నాలుగో గేరులో 2,000 దగ్గర మీ కారు 50 వెళ్తుంటే, అదే గేరులో 3,000 దగ్గర 75 వెళ్లి తీరాలి. ఎందుకంటే మధ్యలో ఉన్నవి పళ్ల చక్రాలు. అవి జారవు. జారగలిగినది క్లచ్ ప్లేటు ఒక్కటే. (రోడ్డు మీద టైరు కూడా జారుతుంది. తడి మట్టిలో దిగబడినప్పుడు చూసే ఉంటారు. పొడి తారు రోడ్డు మీద నాలుగో గేరులో ఒక చిన్న కారు అలా చేయదు.)

రెండు ముళ్లూ విడిపోతే లోపం ఇంజన్‌లో కాదు, దాన్ని దాటాక క్లచ్ వైపు. రెండూ కలిసే ఉండి, కలిసే పైకి రానంటే లోపం ఇంజన్‌లోనో, దానికి అందే గాలి, ఇంధనంలోనో, లేదా బ్రేకులు పట్టేయడంలోనో. ఈ ఒక్క విషయం తేలేదాకా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇక మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. గోదావరి డెల్టాలో కొండ లేదు, ఘాట్ రోడ్డు లేదు. అమలాపురం నుంచి ముమ్మిడివరం దాకా వెళ్లినా, భీమవరం నుంచి నరసాపురం దాకా వెళ్లినా రోడ్డు పళ్లెంలా ఉంటుంది. చదును రోడ్డు మీద 50, 60లో పోయే కారుకు ఇంజన్ బలంలో కొద్ది వంతు చాలు. సగం అరిగిన క్లచ్ కూడా ఆ కొద్దిపాటి బలాన్ని జారకుండా మోసేస్తుంది. అందుకే కొండ ప్రాంతాల్లో మొదటి వారమే బయటపడే జబ్బు మన దగ్గర నెలల తరబడి కనబడకుండా ముదురుతుంది. అది బయటపడే చోట్లు లెక్కపెట్టినట్టుంటాయి. వంతెన ఎక్కుడు, పొలం నుంచి ఏటిగట్టు మీదికి ఎక్కే ర్యాంపు, నరసాపురం రేవులో పంటు (బళ్లను గోదావరి దాటించే పడవ) దిగి గట్టెక్కే చోటు, మేత బస్తాలో కొబ్బరికాయలో వేసుకుని బయలుదేరిన రోజు. మీకు చించినాడ వంతెన మీద కనబడిందంటే అది వంతెన మీద పుట్టినది కాదు. అన్నాళ్లూ ఉన్నది అక్కడ బయటపడింది.

పరీక్ష ఇలా చేయండి. 216 జాతీయ రహదారి మీద తెల్లవారుజామున ఖాళీగా ఉండే తిన్నటి భాగం ఒకటి చూసుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, రెండు ముళ్లూ కనబడేలా ఫోనులో వీడియో తీయమనండి. మీరు రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పవద్దు. ముందు ఓ పది కిలోమీటర్లు మామూలుగా నడిపి అన్నీ వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు పట్టుకునే క్లచ్ వేడెక్కాక వదిలేయవచ్చు. తరువాత నాలుగో గేరులో 50 దగ్గర నిలకడగా నడుపుతూ, ఒక్కసారిగా యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి, నాలుగైదు లెక్కపెట్టి వదిలేయండి.

ఇంటికి వచ్చి వీడియో చూడండి. క్లచ్ బాగుంటే ఆర్‌పీఎం ముల్లు బద్ధకంగా, వేగం ముల్లు చేయి పట్టుకున్నట్టు పైకి పోతుంది. క్లచ్ జారుతుంటే తొక్కిన మరుక్షణం 2,000 నుంచి 3,000కు ఎగురుతుంది, వేగం మాత్రం 51, 52 అంటూ పాకుతుంది. ఇంకో గుర్తు ఇంతకంటే గట్టిది. యాక్సిలరేటర్ వదలగానే ఆర్‌పీఎం ముల్లు ధబాలున 2,000కే వచ్చి పడుతుంది, వేగం ముల్లు ఉన్నచోటే ఉంటుంది. అది చూశాక ఇక అనుమానం పెట్టుకోనక్కరలేదు.

మొదటి గేరులో ఎందుకు చేయకూడదు అంటారేమో. మొదటి, రెండో గేర్లలో బండి తేలికగా లాగబడుతుంది, ఇంజన్ కూడా చప్పున పైకి పరుగెడుతుంది, కనుక క్లచ్ మీద పూర్తి భారం పడదు. నాలుగు, అయిదు గేర్లలో బండి బరువంతా ఇంజన్‌కు ఎదురు నిలుస్తుంది. అరిగిన క్లచ్ మొదట చేతులెత్తేసేది అక్కడే. 'ఊళ్లో బాగానే ఉంటోందండీ, హైవే ఎక్కితేనే' అన్న ఫిర్యాదుకు మూలం ఇదే.

రోడ్డు మీదికి వెళ్లడం కుదరదనుకుంటే ఇంటి ముందు చేసేది ఇంకొకటి ఉంది. చదును నేల చూసి, ముందు చక్రాలకు అటూ ఇటూ ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, ఎదురుగా మనుషులెవరూ లేకుండా చూసుకుని, మూడో గేరు వేసి, ఇంజన్‌ను 1,500 దగ్గర ఉంచి క్లచ్ నెమ్మదిగా పూర్తిగా వదలండి. ఇంజన్ గతుక్కుమని ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. ఒక్కసారి చేస్తే చాలు. నమ్మకం కలగక మూడు నాలుగు సార్లు చేసి, బాగున్న ప్లేటును కూడా కాల్చుకున్నవారిని చూశాను. ఇంకో మాట, ఇంజన్ ఆగిపోయింది కదా అని క్లచ్‌కు పూర్తిగా మంచి మార్కులు వేయకండి. ఇందులో నెగ్గి రోడ్డు మీద ఓడే క్లచ్‌లు ఉంటాయి. రోడ్డు మాటే చివరి మాట.

వాసన కూడా ఒక సాక్షి. వంతెన దిగాక బండి పక్కకు ఆపి, అద్దం దించి పీల్చండి. కాలిన గోనెసంచిలో కాలిన వెంట్రుకలు కలిపినట్టు ఘాటుగా వస్తే అది క్లచ్. జారిన ప్రతిసారీ చక్రానికి చేరవలసిన బలం అక్కడే వేడిగా మారిపోతుంది. మీ మైలేజీ ఎక్కడికి పోయిందో కూడా ఇదే చెబుతోంది.

ఇక్కడిదాకా వచ్చి జారుతోందని తేలితే, వెంటనే గేర్‌బాక్స్ దించమని చెప్పకండి. మీ కారు క్లచ్ కేబుల్‌తో నడిచేదో, నూనెతో నడిచేదో మీరు రాయలేదు. కేబుల్ రకమైతే పెడల్‌ను వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. బరువు తగిలేలోగా ఒకటి రెండు సెంటీమీటర్లు ఖాళీగా దిగాలి. సరైన కొలత మీ కారు పుస్తకంలో ఉంటుంది. ప్లేటు అరిగే కొద్దీ ఈ ఖాళీ తగ్గుతూ వస్తుంది. అది సున్నా అయ్యాక రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసేది) ఎప్పుడూ ప్రెజర్ ప్లేటును (క్లచ్ ప్లేటును ఇంజన్ వైపు అదిమిపట్టేది) కొంచెం నొక్కిపట్టే ఉంటుంది. అంటే మీరు కాలు పెట్టకపోయినా క్లచ్ పావు వంతు తొక్కినట్టే. ప్లేటులో ఇంకా సరుకు ఉండి, కేవలం ఈ ఖాళీ లేక జారే బళ్లు ఉంటాయి. నట్టు తిప్పి సరిచేస్తే పది నిమిషాల పని. అది చూడకుండా క్లచ్ సెట్టు రాసే మెకానిక్ దగ్గర నేనైతే బండి పెట్టను.

నూనె రకంలో ఈ సర్దుబాటు దానంతట అదే జరుగుతుంది. కాని పైనున్న మాస్టర్ సిలిండర్‌లో నూనె వెనక్కు వచ్చే సన్నటి రంధ్రం మూసుకున్నా, రబ్బరు గొట్టం లోపల ఉబ్బినా ఒత్తిడి లోపలే చిక్కుకుని అదే జబ్బు వస్తుంది. బండి జారుతున్న స్థితిలోనే, గేర్‌బాక్స్ దగ్గరున్న సిలిండర్ నిపిల్‌ను మెకానిక్ చేత కొద్దిగా వదులు చేయించి, కాస్త నూనె పోనిచ్చి బిగించి చూడమనండి. జారడం ఆగిపోతే ప్లేటుది తప్పు కాదు. ఇది తెలిసి చేసేవారు తక్కువ.

మూడో సంగతి, ప్లేటుకు నూనె తగలడం. దానికి నా తప్పే చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక రొయ్యల చెరువు రైతు తన వ్యాన్ తెచ్చారు. రోజూ మేత బస్తాలతో గట్టు ఎక్కి దిగే బండి. జారుతోంది, ప్లేటు అరిగింది, సెట్టు మార్చాను. రెండు నెలలు తిరగకుండానే మళ్లీ వచ్చారు. 'మళ్లీ అదేనండీ' అన్నారాయన, ఇంకేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. గేర్‌బాక్స్ దించి చూస్తే కొత్త ప్లేటు నల్లగా, పెనం అడుగులా నిగనిగలాడుతోంది. వేలితో రాస్తే జిడ్డు. ఇంజన్ వెనక వైపు క్రాంక్ ఆయిల్ సీలు (నూనె బయటికి రాకుండా ఆపే వలయం) కారుతోంది. మొదటిసారి విప్పినప్పుడే క్లచ్ గూడు అంతా నూనెతో తడిసి ఉంది. నేను గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేశాను, ఆ నూనె ఎక్కడిదని మాత్రం ఆలోచించలేదు. రెండో సెట్టు నా డబ్బుతోనే వేశాను. అప్పటి నుంచి తుడిచే ముందు వేలితో తీసి వాసన చూస్తాను. నల్లగా పలచగా ఉంటే ఇంజన్ నూనె, వెనక సీలు. చిక్కగా, ముక్కు ముడుచుకునేలా గంధకం వాసన వేస్తే గేర్ నూనె, గేర్‌బాక్స్ ముందు సీలు. నీళ్లలా పలచగా జారుతూ పెయింటును లేపేస్తుంటే క్లచ్ నూనె. సీలు ఖరీదు సెట్టుతో పోలిస్తే ఏ మూలకూ రాదు, దాన్ని మార్చడానికి మాత్రం మళ్లీ గేర్‌బాక్స్ అంతా దించాలి.

మీరు గేర్‌బాక్స్ దించినప్పుడు దగ్గరుండి చూడండి. ప్లేటు మీద రివెట్టు తలలు లైనింగ్‌తో సమానంగా వచ్చేశాయా, ఫ్లైవీల్ (ప్లేటు అతుక్కుని తిరిగే ఇంజన్ వెనక బరువు చక్రం) మీద నీలం రంగు మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయా అన్నవి కంటికే కనబడతాయి. నీలం మచ్చ అంటే అక్కడ బాగా వేడెక్కిందని అర్థం. మార్చేటప్పుడు ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చాలి. బేరింగ్ బాగానే ఉంది కదా అని వదిలేస్తే, అది ఆరు నెలల తరువాత అరవడం మొదలుపెట్టిన రోజున కూలి మొత్తం మళ్లీ ఇవ్వాలి. చిన్న పెట్రోల్ కారుకు ఇదంతా వేలల్లో తేలిపోతుంది. కొన్ని డీజిల్ కార్లలో ఫ్లైవీలే రెండు పొరలుగా, మధ్య స్ప్రింగులతో ఉంటుంది. అది కూడా పోతే ఖర్చు అనేక రెట్లవుతుంది. మీది పెట్రోల్ కనుక ఆ భయం దాదాపు అక్కరలేదు.

ఆటోమేటిక్ కార్లవారు కూడా ఇలాంటివి అడుగుతుంటారు కనుక రెండు ముక్కలు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో వ్యాపించడం మొదలైన ఏఎంటీ కార్లలో ఉన్నది మామూలు క్లచ్చే, తొక్కేది మాత్రం యంత్రం. కాబట్టి ఈ జబ్బు దానికీ వస్తుంది. పైగా వంతెన ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటున్నవారికి ఇంకా త్వరగా వస్తుంది. సెట్టు మార్చాక స్కానర్ పెట్టి కొత్త ప్లేటు పట్టుకునే స్థానాన్ని కంప్యూటర్‌కు నేర్పించాలి. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ కార్లలో ముందు రేస్ పెరిగి, వెనక వేగం రావడం పుట్టుకతో వచ్చిన స్వభావం. రెండు ముళ్ల లెక్క వాటికి పనికిరాదు. టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు నూనెతో బలం అందించేది) ఉన్నవాటికి మొదట గేర్‌బాక్స్ నూనె మట్టం, రంగు, వాసన చూడాలి. అందులో ఆ కంపెనీ చెప్పిన రకం నూనె తప్ప చేతికందినది పోయకూడదు.

మీ వీడియోలో ముళ్లు విడిపోకుండా రెండూ కలిసే మొరాయిస్తే నా జోస్యం తప్పినట్టు. అప్పుడు కూడా ఇంజన్ విప్పే ముందు చూడవలసినవి ఉన్నాయి. మొదట బ్రేకులు. పది కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గర చేయి దూరంగా పెట్టి వేడి పోల్చండి. ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతావాటికంటే సెగలు కక్కుతుంటే అది పట్టేసింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, వానాకాలం హ్యాండ్‌బ్రేకు లాగి వారాల తరబడి ఉంచిన బళ్లలో ఇది మామూలు. తరువాత ఇంధన ఒత్తిడి, పొగ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోవడం, డీజిల్ అయితే టర్బో గొట్టం చిరుగు. ఇంజన్ విప్పడం వీటన్నిటి తరువాత.

ఇంజన్ హాయిగా తిరుగుతూ, ఏ గేరు వేసినా బండి అంగుళం కదలకపోతే అది వేరే కథ. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి బలం మోసే డ్రైవ్ షాఫ్ట్ విరిగి ఉండవచ్చు, లేదా గేర్‌బాక్స్‌లోంచి ఊడి ఉండవచ్చు. పాత బళ్లలో అప్పుడొక తమాషా జరుగుతుంది. వేగం లెక్క గేర్‌బాక్స్ నుంచే తీసుకుంటుంది కనుక బండి నిలబడి ఉండగానే ముల్లు 20, 30 చూపిస్తుంది.

2022 జూలై గోదావరి వరదలో నీట మునిగిన కొన్ని బళ్లు చాలా రోజుల తరువాత షెడ్డుకు వచ్చాయి. వాటిది మీ జబ్బుకు సరిగ్గా తిరగేసిన జబ్బు. తుప్పుతో ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి, క్లచ్ తొక్కినా విడిపడదు, గేరు పడదు. మీ బండి నీళ్లలో నిలబడలేదని అనుకుంటున్నాను. నిలబడి ఉంటే మాత్రం ఆ సంగతి మెకానిక్‌కు ముందే చెప్పండి, గూట్లో ఒండ్రు పేరుకుని ఉంటుంది.

షెడ్డుకు చేరేదాకా బండిని కాస్త మన్నించి నడపండి. సగం యాక్సిలరేటర్ దాటవద్దు, బరువు వేయవద్దు. వంతెన దగ్గర ముందే మూడో గేరుకు దిగి ఒకే వేగంతో ఎక్కండి. వాసన వస్తే ఆపి అరగంట చల్లారనివ్వండి. ధాన్యం ట్రాక్టరు వెనక సగం క్లచ్ మీద పాకడం మీకు అలవాటైతే, ట్రాక్టరుకూ మీకూ మధ్య నాలుగు బళ్ల ఎడం వదలండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. ఎడమ కాలు పెడల్ మీద ఆనించి పెట్టుకునే అలవాటుంటే అది కూడా చూసుకోండి. 30,000కే ప్లేటు తినేసినవారినీ, అదే రకం కారులో లక్షన్నర నడిపినవారినీ చూశాను. తేడా ఎక్కువగా ఆ కాలిలోనే ఉంది.

కొత్త సెట్టు వేయించాక మొదటి 500 కిలోమీటర్లు బరువులు వేయకుండా, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడపండి. పాత ప్లేటు మాత్రం షెడ్డులో వదిలేయకండి, డిక్కీలో వేయించుకుని తెచ్చుకోండి. రెండు వైపులా ఫొటో తీసి పంపితే అది అరిగి పోయిందో, కాలి పోయిందో, నూనె తాగి పోయిందో చూసి చెబుతాను.